పుట్టినరోజుకి పద్దు పుస్తకం

మూడేళ్ళ పిల్ల పక్కింట్లో పుట్టినరోజు పండక్కి వెళ్ళొస్తే, "ఏం పెట్టారే? కేకు తిన్నావా? బాగా ఆడుకున్నారా?" అని అడిగే రోజులు వెళ్ళిపోయాయి. ఇప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పకుండానే, "ఏదీ, ఏవిచ్చారో చూపించు" అంటుంది తల్లి. పిల్ల చేతిలో రంగుల సంచీ ఉంటుంది. సంచీలో ఓ పెన్సిలు పెట్టె, నాలుగు చాక్లెట్లు, నొక్కితే కుయ్యిమనే బొమ్మా. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా! మనం పట్టుకెళ్ళింది మూడొందల యాభైది" అంటుంది. ఆ పిల్లకి ఇంకా వందదాకా లెక్కపెట్టడం రాదు. లాభనష్టాలు మాత్రం ఆ సాయంత్రమే వచ్చేశాయి.

దీన్నే రిటర్న్ గిఫ్టు అంటున్నారు. నేను దీనికి బద్ధవిరోధిని. డొంకతిరుగుడుగా చెబితే మన వాళ్ళకి ఎక్కదు కనక ముందే చెప్పేస్తున్నాను. పిల్లలకి పుట్టినరోజులు చెయ్యద్దని కాదు నేననేది. కేకు కొయ్యద్దనీ కాదు. దీపం వెలిగించాల్సిన రోజున కొవ్వొత్తులు ఊది ఆర్పుతారేవిటని సణిగే పెద్దవాళ్ళ జట్టులోనూ నేను లేను. చిన్న వెధవ బుగ్గలు పూరించి, కేకు మీద ఇంత ఉమ్మి పోసి, ఉఫ్ మని ఊదుతుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది. నా తగాదా అంతా గుమ్మం దగ్గర చేతిలో పెట్టే ఆ సంచీతోనే.

ఆ పేరు చూడండి ముందు. ఇదేదో తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకున్నామనుకుంటాం గాని, ఈ మాట ఇక్కడ తయారైన ఇంగ్లీషే. వాళ్ళు పార్టీ ఫేవర్ అంటారు, గుడీ బ్యాగ్ అంటారు. 'ఫేవర్'లో కాస్త దయ వినిపిస్తుంది, 'గుడీ'లో కాస్త తీపి ఉంది. మన 'రిటర్న్'లో వినపడేదల్లా లెక్క. నచ్చని చీర కొట్టుకి రిటర్న్, ఇన్‌కం టాక్సుకి రిటర్న్, కాకినాడ వెళ్ళడానికి రిటర్న్ టిక్కెట్టు, పసివాడి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టు! మనం పెట్టుకున్న పేరే మన బుద్ధిని పట్టిచ్చేసింది.

ఈ మాట నేనెక్కడన్నా ఎత్తితే చాలు, ఎవరో ఒకావిడ చప్పున అందుకుంటుంది. "అదేవిటండీ మామ్మగారూ, మన తాంబూలం మాత్రం రిటర్న్ గిఫ్టు కాదా? వచ్చిన ముత్తైదువని ఉత్త చేతుల్తో పంపుతామా?" అని. అడిగినావిడ తెలివైందే. చాలామంది మనసులో ఉన్న మాటా ఇదే. అందుకని దీనికి కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి.

శ్రావణమాసం పేరంటం తలుచుకోండి. మంగళగౌరి నోము పట్టిన కొత్త కోడలు ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టి పిలిచి వెడుతుంది. సాయంత్రం మనం వెడతాం. ఏం పట్టుకుని వెడతాం? ఏమీ పట్టుకెళ్ళం! కొంగు కప్పుకుని, చేతిరుమాలో చిన్న సంచీయో చేత్తో పట్టుకుని వెడతాం, అదీ వాళ్ళిచ్చే శనగలు పోయించుకోడానికి. కాళ్ళకి పసుపు రాయించుకుని, మెడకి గంధం పూయించుకుని, నానేసిన శనగలూ, రెండరటిపళ్ళూ, తమలపాకులూ, వక్కలూ పుచ్చుకుని వచ్చేస్తాం. ఆవిడకి మనం ఇచ్చేది ఒక దీవెన, కాస్త సందడి, మహా అయితే పక్కావిడ నగ మీద ఓ వ్యాఖ్యానం. పేరంటానికి వెళ్ళేవాళ్ళు చేతిలో ఏదీ పట్టుకెళ్ళరు కనక అక్కడ రిటర్న్ చెయ్యడానికి ఏమీ లేదు. కలెక్టరుగారి భార్యకిచ్చినా, కాఫీపొడి కొట్టాయన భార్యకిచ్చినా అవే గుప్పెడు శనగలు. ఆ నెల్లాళ్ళూ గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికెళ్ళినా శనగ గుగ్గిళ్ళూ, శనగ వడలూ, శనగల కూరా. మగవాళ్ళు కంచం ముందు కూచుని మొహం ముడుచుకోడం వేరే సంగతి.

రవికెల గుడ్డ మాటో అంటారేమో. దాని చరిత్ర నా దగ్గర అడగండి. ఓసారి దసరాల్లో నేనొకావిడకి పెట్టిన చిలకాకుపచ్చ ముక్క, మాఘమాసంలో మరో ఊరి నుంచి వచ్చినావిడ చేతుల మీదుగా నా దగ్గరికే వచ్చింది. అంచున ఇంకు మరక ఉంది కాబట్టి ఆనవాలు పట్టాను. దానితో ఎవరూ రవికె కుట్టించుకోలేదు, కుట్టించుకోవాలని ఇచ్చినవాళ్ళూ అనుకోలేదు. అలా ఇంటింటికీ తిరిగే వస్తువు ఎవరికీ బరువు కాదు, ఎవరి ఇల్లూ నిండదు. ఖరీదు ఎంతని ఎవరూ అడగరు. ఆ పచ్చముక్క ఈపాటికి ఏ తణుకులోనో, ఏ రామచంద్రపురంలోనో కొత్త పెళ్ళికూతురికి పసుపూ కుంకుమలతో అందుతూ ఉండి ఉంటుంది.

ఇంకో మాట. పిల్లల్ని కూచోబెట్టి చేసే వేడుక మనకి లేకనా? భోగి పళ్ళు లేవూ? సంక్రాంతి ముందు భోగినాడు సాయంత్రం అయిదేళ్ళ లోపు పిల్లల్ని కొత్త బట్టలేసి పీట మీద కూచోబెడతాం. రేగిపళ్ళూ, చెరుకు ముక్కలూ, బంతిపూల రేకులూ, నానబెట్టిన శనగలూ, చిల్లర డబ్బులూ కలిపి, దిష్టి తీసి తల మీంచి పోస్తాం. పీట మీది పిల్ల బెంబేలెత్తి ఏడుస్తుంది. చుట్టూ ఉన్న పిల్లలు ఎగబడి డబ్బులు ఏరుకుంటారు. పిలిచిన పిల్లలు, పిలవని పిల్లలు, వీధిలోంచి తొంగిచూసి లోపలికొచ్చిన పిల్లలు, పాలవాడి కొడుకు, పనిమనిషి కూతురు – అందరూ ఒకే నేల మీద మోకాళ్ళ మీద పాకుతారు. ఎవరి గుప్పెట్లో ఎంత పడితే అంత. ఎవరికి ఎంత దొరికిందో పిలిచినావిడకి తెలీదు, తెలుసుకోవాలనీ ఉండదు. ఇంతకన్నా మంచి పిల్లల పండగ ఏ దేశంలో ఉందో నాకు చూపించండి. మెక్సికోవాళ్ళు మిఠాయిలు నింపిన బొమ్మని పైన వేలాడగట్టి కర్రతో కొట్టి, రాలినవి పిల్లల చేత ఏరిస్తారట. బావుంది గాని కర్ర ప్రమాదం. మన రేగిపండు నెత్తిన పడితే నొప్పేం పుట్టదు.

ఈమధ్య భోగి పళ్ళకి కూడా రిటర్న్ గిఫ్టులు మొదలుపెట్టారు. ఫంక్షన్ హాలు, పిల్లాడి ఫోటోతో నిలువెత్తు బ్యానరు, కొత్త రూపాయి బిళ్ళల బదులు చాక్లెట్లు, చివర్లో ఇంటికొక డబ్బా. డబ్బా ఇచ్చే దగ్గర ఒకాయన నిలబడి "ఫ్యామిలీకి ఒకటేనండీ, ఫ్యామిలీకి ఒకటే" అంటున్నాడు. రేషను కొట్టులో విన్నాను ఆ మాట ఇదివరకు. గోదావరి జిల్లా మర్యాదల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటారు కదా, చెవుల్లో రంగు పోసినట్టయింది నాకు.

మనకి లెక్కలు కొత్తకాదు, నిజమే. పెళ్ళిళ్ళలో కట్నాల చదివింపులు ఉన్నాయి. పందిట్లో ఒకాయన పుస్తకం పెట్టుకుని కూచుని, ఫలానావారు నూటపదహార్లు చదివించారని గట్టిగా చెప్పి రాసుకునేవాడు. ఆ పుస్తకం ఇంట్లో భద్రంగా ఉండేది, వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు తీసి చూసి అంతకి తగ్గకుండా చదివించేవారు. దాన్ని నేను తప్పు పట్టను. దానికో అర్థం ఉంది. పెళ్ళి ఖర్చు సంసారాన్ని కుంగదీసేది. ఊరంతా తలా ఒక చెయ్యి వేస్తే ఆ పెళ్ళి గట్టెక్కేది, రేపు నీ పిల్ల పెళ్ళికి అదే చెయ్యి అందుతుంది. అది ఒక చీటీ పాట లాంటిది. మూడేళ్ళ పిల్లాడికి ఏ ఖర్చు గట్టెక్కాలని ఈ చదివింపులు? ఆ రాత్రి అతిథులు వెళ్ళాక కాయితాలు చింపి, ఎవరు ఏవిచ్చారో నోటుపుస్తకంలో రాసుకునే తల్లుల్ని నేను చూశాను. ఇంతమందికి ఇంత ఖరీదులో సంచీ ఇచ్చాం, ఇంత వచ్చింది. పిల్లాడి పేరున మొదటి పుటలోనే జమాఖర్చు!

ఇష్టంగా ఇచ్చింది ఎలా లాంఛనమవుతుందో, లాంఛనం ఎలా బాకీ అవుతుందో మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? అల్లుడికి ముచ్చటపడి పెట్టిన ఉంగరం మరుసటి తరానికి అడిగి పుచ్చుకునే వస్తువైంది, ఆ తర్వాత స్కూటరైంది, ఇప్పుడు అది ఏమైందో పేపర్లో చూస్తున్నాం. ఆడపడుచు కట్నం, అత్తగారి లాంఛనం – వీటికి పేర్లు పెట్టి, రేట్లు కట్టి, లగ్నపత్రిక నాడే మాట్లాడుకోవడం మనమే చేశాం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, కట్నం కళ్యాణ మండపంలో ఉంది. వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరిలో ఉంటున్నాం. ఊరి పేరుని 2015లో రాజమహేంద్రవరం చేసినా నా నోటికి రాజమండ్రే. మహానుభావుడు పెద్ద పెద్ద వాటితో తలపడ్డాడు, వాటి పక్కన నా తగాదా చాలా చిన్నది. ఒప్పుకుంటాను. కాని ఇచ్చిపుచ్చుకోవడాల బడిలో ఇదే మొదటి తరగతి. మూడేళ్ళకి ఇక్కడ చేర్పించి, పాతికేళ్ళకి పెళ్ళిచూపుల్లో "మీరేం పెడతారు?" అని అడక్కుండా ఉండాలంటే ఎలా?

మా వాటాల్లోనే పై అంతస్తులో ఒక కుటుంబం ఉండేది. ఆయనకి తాడితోటలో బట్టల దుకాణంలో గుమాస్తా పని. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. రెండో తరగతి చదివే పిల్ల ఒకత్తి. చురుకైన పిల్ల, మెట్లు ఒక్కొక్కటీ దిగడం దానికి చేతకాదు, రెండేసి దూకుతుంది. ఒక నెలలో ఆ క్లాసులో మూడు పుట్టినరోజులొచ్చాయి. మొదటిదానికి వెళ్ళింది. రెండోనాటికి పిల్లకి జ్వరమంది తల్లి. మూడోనాటికీ జ్వరమంది. జ్వరమొచ్చిన పిల్ల మెట్లు రెండేసి దూకుతోంది! నేనేమీ అనలేదు. మర్నాడు అదే మెట్ల మీద నా పక్కన కూచుని, "మామ్మగారూ, ఉత్త చేతుల్తో వెడితే లోపలికి రానిస్తారా?" అని అడిగింది.

రానిస్తారమ్మా అన్నాను. రానిస్తారు. ఎవరూ వెళ్ళగొట్టరు. కాని ఆవిడ లెక్క ఇలా ఉంటుంది. పట్టుకెళ్ళేదానికి రెండొందలు తక్కువ కాకూడదు. ఎందుకంటే వాళ్ళిచ్చే సంచీ నూట యాభై ఉంటుంది. నెలకి మూడైతే ఆరొందలు, అంటే ఎన్ని రవికెలు కుట్టాలి? సరే, ఎలాగో పంపించిందే అనుకోండి, రేపు తన పిల్ల పుట్టినరోజుకి ఆ ముప్ఫైమందినీ పిలవాలి, ముప్ఫై సంచీలు కట్టాలి. అంతకన్నా జ్వరం చవక. ఆ పిల్లకి ఆ యేడు పుట్టినరోజు ఎలా జరిగిందని అడుగుతారేమో. తలంటి, గుళ్ళో అర్చన, ఇంట్లో సేమ్యా పాయసం. మా ఇంటికి గిన్నెడు పంపించారు. ఏ లోటూ లేని పుట్టినరోజే. దానిక్కావలసిన స్నేహితులు మాత్రం ఒక్కళ్ళూ లేరు.

సంచీలు లెక్కగా కట్టడంలో ఇంకో ముప్పుంది. పాతికమందిని పిలిస్తే పాతిక కడతారు, ఒకటో రెండో ఎక్కువ. ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి ఆ సాయంత్రం పెందరాళే రావాలి కదా, పని ఎక్కువ కనక. వస్తూ పిల్లని వెంట తెచ్చుకుంటుంది. పిల్ల వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, బెలూన్లు చూస్తుంటుంది. కేకు ముక్క దానికీ పెడతారు, అంత కఠినాత్ములు ఎవరూ లేరు. చివర సంచీలు పంచేటప్పుడు పిల్లలందరూ వరస కడతారు. అదీ వరసలోకి వస్తుంది, పిల్ల కదా. ఇంటావిడ మొహం అప్పుడు చూడాలి. చెడ్డ మనిషేం కాదు, సంచీల మీద పేర్లంటించి ఉన్నాయి మరి! పేరు లేని పిల్లకి ఏవివ్వాలో ఆవిడకి తోచదు. అదే భోగి పళ్ళయితే ఆ పిల్ల ఈపాటికి పది రూపాయలు ఏరుకుని పరిగెత్తి ఉండేది.

ఇక ఆ సంచీలో ఉండేదేమిటో చూద్దాం, ఎక్కువసేపు అక్ఖర్లేదు. నూటికి తొంభై వస్తువులు మూణ్ణాళ్ళ ముచ్చట అనడం కూడా ఎక్కువే, రెండోనాటికి కారు చక్రం ఊడుతుంది. 2021 జనవరి 1 నుంచి పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఉంది. డజన్ల లెక్కన కొనుక్కొచ్చిన వాటిలో ఆ గుర్తు ఎన్నింటి మీద ఉందో వెతకండి. వెలుగుతూ ఆరే ఉంగరాలూ, పాట పాడే కార్డులూ ఇస్తారు. వాటిలో చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. పసిపిల్లలు అది మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. అందాకా ఆగకూడదు, అనుమానం వస్తే చాలు, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. మూడేళ్ళ పిల్ల చేతికి అది పెట్టి, "థాంక్యూ చెప్పమ్మా ఆంటీకి" అంటున్నాం.

పెద్దవాళ్ళకిచ్చే వాటి సంగతీ అంతే. మొదటి పుట్టినరోజు ఘనంగా చేసేవాళ్ళు ఆడవాళ్ళకి జర్మన్ సిల్వరు కుంకుమభరిణె ఇస్తున్నారు. పేరులో తప్ప అందులో వెండి వీసమెత్తు ఉండదు. రాగీ, జింకూ, నికెలూ కలిపిన లోహం అది. మా పెళ్ళిళ్ళ రోజుల్లో స్టీలు గిన్నె ఇస్తే దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించేవారు. ఆ గిన్నెలో ఇవాళ్టికీ మా ఇంట్లో చింతపండు నానుతోంది, ఆ పేరుగలావిడ పోయి చాలాకాలమైంది. ఇప్పటి భరిణెలో కుంకుమ పోస్తే రంగు మారుతోంది. మా బీరువాలో అలాంటివి పదకొండున్నాయి. పెట్టుకోవడానికి చోటు లేదు, పారెయ్యడానికి కుంకుమభరిణె అన్న శంక.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కుల్ని దేశమంతా నిషేధించారు. ఆ జాబితా చదివితే ఏదో పుట్టినరోజు సామాను చీటీలా ఉంటుంది – బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, థర్మోకోల్ అలంకారాలు, ప్లాస్టిక్ చెంచాలూ పళ్ళాలూ, మిఠాయి డబ్బాలకీ ఆహ్వాన పత్రికలకీ చుట్టే పల్చటి పొర. వేసవిలో కాలవలు కట్టేసే రోజుల్లో మన కోనసీమ వైపో, భీమవరం వైపో వెళ్ళేటప్పుడు వంతెన మీంచి కాలవ అడుక్కి ఓసారి చూడండి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించి ఇంటింటి ముందుకీ గోదావరిని తెచ్చాడు. ఆ కాలవల అడుగున ఇప్పుడు మన పార్టీ సంచీలు తేలాక మిగిలినవన్నీ ఎండుతున్నాయి.

"అందుకే మేం ప్లాస్టిక్ మానేసి మొక్కలిచ్చాం" అంది మాకు తెలిసిన ఒకమ్మాయి గర్వంగా. కడియం పక్కనే కదా, నర్సరీకి వెళ్ళి ముప్ఫై తులసి మొక్కలు చిన్న చిన్న కుండీల్లో తెప్పించింది. చూడ్డానికి ఎంత బావున్నాయో! ముప్ఫై కుటుంబాల్లో ఇరవై మందివి అపార్టుమెంట్లు, ఎండ పడని బాల్కనీలు. తులసిని వాడనివ్వకూడదు, పారెయ్యకూడదు. వారం తిరిగేసరికి మా వీధి రామాలయం ప్రహరీగోడ మీద అవే కుండీలు వరసగా కనిపించాయి. పూజారిగారు పాపం రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. ప్లాస్టిక్కు బదులు మట్టి, మట్టి బదులు గుడ్డసంచీ, ఇంకెవరో అంటున్నట్టు ఏటికొప్పాక లక్కబొమ్మలు – నిజమే, అవి చక్కటివి, 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ చేతుల్ని బతికించాలి. పిల్లకి బొమ్మ కావాలంటే పండక్కో తీర్థానికో వెళ్ళినప్పుడు ఆ బొమ్మే కొనిపెట్టండి. కాని మంచి వస్తువు ఇచ్చినంత మాత్రాన అచ్చుబాకీ తీర్చడం పోతుందా? ముప్ఫైమందికి తిరిగి ముట్టచెప్పాల్సిందే అన్న రూలు అలాగే ఉంటుంది, రేటు మాత్రం పెరుగుతుంది.

ఈ పనంతా ఎవరి నెత్తిన పడుతోందో కూడా చూడండి. మా బంధువులమ్మాయి కాకినాడలో ఉద్యోగం చేస్తోంది. కొడుకు పుట్టినరోజు ముందురాత్రి పదకొండింటికి వాళ్ళింటికి ఫోను చేస్తే, నేల మీద కూచుని సంచీలు సర్దుతోందిట. ఆడపిల్లలకి క్లిప్పులు, మగపిల్లలకి కార్లు. (అదొకటి! ఆడపిల్లకి కారు అక్ఖర్లేదని ఎవరు చెప్పారో?) మొగుడుగారేం చేస్తున్నారమ్మా అంటే నిద్రపోయారంది. "ఈ రిటర్న్ గిఫ్టులంటే నీకిష్టమేనా?" అనడిగాను. "ఇష్టవేవిటి అత్తయ్యా, చచ్చిపోతున్నాను. మానేస్తే బావుండదుగా" అంది. నేనడిగిన ప్రతి తల్లీ ఇదే చెప్పింది. ఒక్కళ్ళకీ ఇష్టం లేదు, ఒక్కళ్ళూ మానరు. ఎవరికోసం చేస్తున్నారంటే ఎదురింటావిడ కోసం. ఎదురింటావిడ వీళ్ళ కోసం.

"నో గిఫ్ట్స్ ప్లీజ్" అని కార్డు మీద వేసి చూశారు కొందరు. దాన్ని మనవాళ్ళు చదివే తీరు చిత్రం. కొందరు "పెద్దింటివాళ్ళు, మన వస్తువులు వాళ్ళ కంటికి ఆనవు కాబోలు" అనుకుంటారు. కొందరు దానికి అసలర్థం కవర్లో డబ్బు పెట్టమని అని నిర్ధారణ చేసుకుని ఐదొందలు కవర్లో పెడతారు. ఇంకొందరు "వాళ్ళలాగే అంటారండీ, మనం ఊరుకుంటామా" అని పెద్ద పెట్టెతో దిగుతారు. తెచ్చినవాళ్ళని చూసి తేనివాళ్ళు సిగ్గుపడతారు. కనక అచ్చేసిన ముక్కతో ఇది అయ్యే పని కాదు. నోటితో చెప్పాలి, ఎదురుగా చెప్పాలి, ఫోన్లో మెసేజీ కాదు. ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పేరంటానికి పిలిచిన వాళ్ళం మనం. ఆ ఓపికలో నాలుగోవంతు చాలు.

"పిల్లలు చిన్నబుచ్చుకుంటారండీ, అలవాటు పడిపోయారు" అనే మాట చివరికి మిగుల్తుంది. పిల్లలు అలవాటు పడటానికి నాలుగు పార్టీలు పట్టాయి, మానడానికీ నాలుగే పడతాయి. వాళ్ళకి సంచీ కావాలని ఎవరన్నారు? పదిమంది పిల్లల్ని ఒక గదిలో వదిలితే వాళ్ళకి కావలసింది వాళ్ళే ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు లాక్కుంటారు. వ్యాపారాలు పోతాయనే వాళ్ళకీ నా దగ్గర జవాబుంది. ఆ డబ్బు మిఠాయి కొట్టులో ఖర్చు పెట్టండి. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, వేడి కుండ వీపు మీద పరిచి, కాయితం కన్నా పల్చటి రేకు లాగి తీసేది అక్కడి ఆడవాళ్ళ చేతులే. చైనా కారు కన్నా ఆ చేతికి మీ నూట యాభై చేరడం మంచిది కాదూ?

మా మనవడి పుట్టినరోజు మార్గశిరంలో వస్తోంది. కోడలితో మాట్లాడాను. మొదట గునిసింది, "మరి వాళ్ళ పార్టీల్లో మనవాడు ఏడు సంచీలు తెచ్చుకున్నాడుగా" అంది. ఆ ఏడిళ్ళకీ మేమిద్దరం కలిసే వెళ్ళాం. పిల్లల్ని పంపించండి, ఏమీ తేవద్దు, ఏమీ ఇవ్వం అని నవ్వుతూనే చెప్పాం. అయిదుగురు తల్లులు గుండెల మీంచి బరువు దిగినట్టు చూశారు. ఒకావిడ అయితే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, "మాదీ వచ్చే నెల్లోనే, మేమూ ఇలాగే చేస్తాం, ముందు మీరు చేశారని చెప్పుకోవచ్చు కదండీ?" అంది. ఒకావిడ ముభావంగా ఊరుకుంది. మరొకావిడ తెచ్చి తీరుతుంది, నాకు తెలుసు. తెస్తే పుచ్చుకుంటాం, అందరి ఎదుటా విప్పం, అటక మీద పెడతాం.

అంట్లు తోమే సత్తెమ్మకి, పిల్లల్ని ఇద్దర్నీ తీసుకురమ్మని, ఆ పూట అంట్లు మర్నాడు తోముకోవచ్చనీ చెప్పాను. పై వాటా వాళ్ళు ఇల్లు మారిపోయారు గాని పిల్ల అదే స్కూలు, కబురు పెట్టాను. పులిహోర, బూరెలు, కాకినాడ గొట్టంకాజా. గొట్టంకాజా ఎందుకంటే, కొరగ్గానే లోపలి పాకం బయటికొచ్చి మోచేతిదాకా కారుతుంది. అరడజను మంది పిల్లల మోచేతులు కడిగే పని మా అబ్బాయికి అప్పగించాను.